పారమీషియంతో పంతం

ప్రాణంతో కదులుతున్న జీవిని పట్టుకుని, దానికి ప్రాణమే లేదని నలుగురి ముందూ ప్రకటించిన భౌతికశాస్త్రం మాస్టారు మన జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే దయచేసి బయటికి రండి, నాకు తోడు దొరుకుతుంది. ఆ జీవి పేరు పారమీషియం. కంటికి ఆనీ ఆననంత చిన్నది. అంత చిన్నదాని చేతిలో ఓడిపోయాను. దానికి చేతులు లేవు, ఒళ్లంతా వెంట్రుకల్లాంటి శైలికలే. చేతుల్లేనిదాని చేతిలో ఓడిపోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగా బడుల్లో చేరిన మాస్టార్లు, మేడంలు ఎక్కడైనా కనబడితే, రిటైరైన మనిషి కదా అని మర్యాదకి ఏదో ఒక సలహా అడుగుతూ ఉంటారు. పాఠం ఎలా చెప్పాలో నేను చెప్పలేను. పక్క సబ్జెక్టు మాస్టారి మీద కుళ్లు పుడితే ఏమవుతుందో మాత్రం అనుభవం మీద చెప్పగలను. వస్తువులు కుళ్లడానికి బ్యాక్టీరియా కారణమని మా బయాలజీ మాస్టారు పిల్లలకు చెప్పేవాడు. నా కుళ్లుకి కారణం మాత్రం ఆయనే.

మా హైస్కూలు ఓడరేవుకి దగ్గర. పొద్దున్న కిటికీ గట్టు తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నల్లటి పొర పేరుకునేది. ప్రార్థన మధ్యలో ఓడ కూత వేస్తే పిల్లలు ఒక్క క్షణం ఆగి, అది పూర్తయ్యాక మళ్లీ అందుకునేవారు. సైన్సు ల్యాబు అన్న పేరుతో ఒక పొడుగాటి గది ఉండేది. దానికి ఒక పక్కనే కిటికీలు, మధ్యలో ఒకే ఒక పెద్ద బల్ల. బయాలజీ పోస్టు చాలాకాలం ఖాళీగా ఉండిపోవడంతో ఆ గదిని నేను సొంత ఇల్లులా వాడుకున్నాను. కిటికీలకు నల్లగుడ్డ తెరలు కుట్టించాను. తెరలు మూసి, కొవ్వొత్తి వెలిగించి, దాని ముందు కుంభాకార కటకం నిలబెట్టి, అవతల తెల్ల అట్ట మీద తలకిందులుగా పడే మంటను చూపించడం నా పేరెన్నికగన్న పాఠం. చీకట్లో ఆ చిన్న మంట తలకిందులుగా కనబడగానే పిల్లలంతా ఒక్కసారి 'ఓ' అనేవారు. జీతం ఎటూ వస్తుంది, నేను బడికి వెళ్లేది ఆ 'ఓ' కోసం.

నా ఉద్యోగం ఇంకో ఏడాదిలో ముగుస్తుందనగా ఆయన బదిలీ మీద వచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లె. వ్యవసాయ కుటుంబం. నాకంటే బాగా చిన్నవాడు. వచ్చిన రోజే ల్యాబు తలుపు తోసుకుని లోపలికి వచ్చి, నేను కొవ్వొత్తి వెలిగించి ఉండగా, నా నల్ల తెరను పక్కకి లాగేశాడు.

"ఏటి మాస్టారూ, పిల్లల్ని సీకట్లో కూకోబెట్టీసినారు? కరెంటు పోనాదేటి?"

"కటకాల పాఠం జరుగుతోంది," అన్నాను, కూడదీసుకున్న గాంభీర్యంతో. "చీకటి ఉంటేనే ప్రతిబింబం కనబడుతుంది."

"మరి నాకు ఎలుతురుంటేనే ఉల్లిపొర కనపడతాదండి. మైక్రోస్కోపు కింద అద్దం మీద ఎండ పడాల గదా."

అక్కడ మొదలైంది. నా పాఠానికి చీకటి కావాలి, ఆయన పాఠానికి వెలుతురు కావాలి, గది ఒక్కటే. నేను మూస్తే ఆయన తెరుస్తాడు, ఆయన తెరిస్తే నేను మూస్తాను. మా ఇద్దరి మధ్య ఆ తెరల రింగులు అరిగిపోయాయి. ఘర్షణ వల్ల అరుగుదల వస్తుందని అంతకంటే మంచి ఉదాహరణ నేను పిల్లలకు ఎప్పుడూ చూపించలేదు.

ఒకసారి ఉండబట్టలేక అనేశాను. "అసలు మైక్రోస్కోపు నాది. ఒక గొట్టానికి రెండు చివర్లా రెండు కటకాలు పెడితే అది భౌతికశాస్త్రం."

ఆయన ఏమాత్రం తొణకలేదు. "అవునండి మాస్టారూ, గొట్టం మీదే. లోపల కనపడేదే నాది."

గదిలో ఉన్న పిల్లలు నవ్వారు. నా క్లాసులో పిల్లలు నవ్వరు. నవ్వకూడదని నేనెప్పుడూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే నవ్వేవారు కాదు.

ఆయన మీద నా అసూయకి కారణాలు ఎన్నెన్నో. చివరికి మా మాటని కూడా లాక్కున్నాడు. భౌతికశాస్త్రంలో కణం అంటే ఇక విడదీయడం కష్టమనిపించే పదార్థపు తునక. జీవశాస్త్రంలో కణం అంటే ప్రాణి ఒంటికి ఇటుక. తెలుగులో రెంటికీ ఒకే మాట. ఆయన రాకముందు మా బడిలో కణం అంటే నాదే. ఆయన వచ్చాక 'కణం' అని బోర్డు మీద రాయగానే పిల్లలు కేంద్రకం ఎక్కడుంది, కణత్వచం ఎక్కడుంది అని అడగడం మొదలుపెట్టారు. నేను లోపల కణకణలాడిపోయేవాణ్ణి.

మరొక కారణం, కానుకలు. ఆయన పాఠానికి పిల్లలు ఏదో ఒకటి తెచ్చేవారు. మందార పువ్వు, ఉల్లిపాయ, చేప మొప్ప, ఒడ్డున దొరికిన గవ్వ. ఒక కుర్రాడు బతికున్న పీతను టిఫిన్ డబ్బాలో తెచ్చాడు. నా పాఠానికి ఎవరూ ఏమీ తెచ్చేవారు కాదు. గురుత్వాకర్షణను డబ్బాలో పెట్టుకుని ఎవరు తెస్తారు?

అన్నిటికంటే పెద్ద కారణం ఒక ఆడపిల్ల. తొమ్మిదో తరగతి. యారాడ నుంచి రోజూ బస్సులో కొండ దాటి వచ్చేది. వాళ్ల నాన్నకి చిన్న మరపడవ ఉంది, వేటకి వెళ్తాడు. ఆ పిల్ల ముందు నా శిష్యురాలు. త్వరణం లెక్క బోర్డు మీద రాసి నేను వెనక్కి తిరిగేలోపు జవాబు చెప్పేది. అలాంటి పిల్ల ఉన్నట్టుండి మధ్యాహ్నం అన్నం తిన్నాక మైక్రోస్కోపు దగ్గర చేరడం మొదలుపెట్టింది. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గొట్టానికి ఆనించి, ఓడ మీద దారి చూసేవాడిలా బడి గంట కొట్టేదాకా చూసేది. నేను గుమ్మంలోంచి దగ్గినా తలెత్తేది కాదు.

ఆయన మాట తీరు ఇంకో బాధ. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ 'నాను' అనే నా నాలుకను వంచి 'నేను' అనిపించుకున్నాను. పాఠం అంటే పుస్తకం భాషలోనే ఉండాలని నా పట్టుదల. ఆయన ఇంట్లో మాట్లాడినట్టే క్లాసులో మాట్లాడేవాడు. "ఇదిగో, ఈ మైటోకాండ్రియా ఏటి సేత్తాదంటే, మనింట్లో పొయ్యి ఏటి సేత్తాదో అదే సేత్తాది." పిల్లలకు అర్థమైపోయేది. పక్క గదిలో నేను 'శక్తి నిత్యత్వ నియమము' అని చెబుతుంటే, గోడ అవతల పొయ్యి వెలుగుతూ ఉండేది.

రెండో వారానికే 'మాస్టారూ' పోయి 'బావా' వచ్చింది. మా వైపు మగవాళ్ల మధ్య బావ అన్న పిలుపు వేళాకోళానికి లైసెన్సు లాంటిది. స్టాఫ్ రూములో టీ తాగుతూ, "ఏటి బావా, మొహం అలగ ముడుసుకుపోనాది? మీ కటకంలో తల్లకిందులుగా ఏటైనా కనపడ్డాదేటి?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, పళ్లు బిగించి నవ్వితే పెద్దగా తేడా తెలియదు.

ఇంట్లో మా ఆవిడ కనిపెట్టేసింది. "అన్నం మీద కోపమేటి? ఆ బయాలజీ ఆయన్నే నములుతున్నట్టు నములుతున్నారు," అంది.

ఇంతలో జిల్లా సైన్సు మేళా వచ్చింది. ఒక్కో బడి నుంచి ఒక్క ప్రదర్శనే పంపాలి. ఏటా మా బడి నుంచి నాదే వెళ్లేది, ఎందుకంటే పంపడానికి ఇంకొకటి ఉండేది కాదు. పెరిస్కోపు పంపాను. సిరంజీలతో నీటి క్రేను పంపాను. ఊదితే తప్ప తిరగని గాలిమర కూడా ఒక ఏడు పంపాను. అన్నీ పాల్గొన్నందుకు ఇచ్చే కాగితంతో తిరిగి వచ్చాయి. ఇది నా ఆఖరి మేళా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా పిల్లల ప్రదర్శన రాష్ట్రానికి ఎంపికవ్వాలి, పక్కన గైడ్ టీచరుగా నేను నిలబడాలి. ఉద్యోగం అంతా కలిపి నేను కోరుకున్నది అదొక్కటే.

ఆ ఏడు బయాలజీ మాస్టారు కూడా పేరు ఇచ్చాడు.

మా పెద్ద మేడం, అంటే హెడ్‌మిస్ట్రెస్, ఎవరి పక్షమూ తీసుకునే మనిషి కాదు. ఇద్దర్నీ పిలిచి, "ఒక్కటే పంపమన్నారు. ఇద్దరూ మన ల్యాబులోనే చేసి చూపించండి. మద్దిలపాలెం నుంచి నాకు తెలిసిన కాలేజీ లెక్చరర్‌ని రమ్మంటాను. ఆవిడ ఏది మంచిదంటే అది వెళ్తుంది. ఆ తర్వాత మళ్లీ నా దగ్గరకొచ్చి ఇద్దరూ చెవులు కొరకొద్దు," అంది.

లెక్చరర్ వచ్చే రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

మొదటి వంతు నాది. తెరలు మూయించాను. నా పిల్లలు ఒక ప్లాస్టిక్ సీసాకి కింద చిన్న కన్నం పెట్టి నీళ్లు నింపారు. సీసా వెనక నుంచి లేజర్ దీపం వేశారు. కన్నంలోంచి నీటి ధార వంగి కింద బక్కెట్లో పడుతుంటే, లేజర్ వెలుగు ధారలోంచి బయటికి పోకుండా దానితో పాటే వంగి వచ్చింది. నీళ్లు ఎర్రటి తీగలా మెరిశాయి. వెలుగు తిన్నగా పోతుందని పుస్తకంలో చదువుకున్న పిల్లలు, అది నీటి లోపలి గోడలకు తగిలి మళ్లీ మళ్లీ లోపలికే తిరగబడుతూ ధారతో సాగిపోవడం చూసి, నా చెవులకి అమృతంలాంటి ఆ 'ఓ' అన్నారు. లెక్చరర్ మేడం తల ఊపింది. పెద్ద మేడం చప్పట్లు కొట్టింది. బయాలజీ మాస్టారు కూడా కొట్టాడు, అది నాకు నచ్చలేదు. ఓడిపోతున్నవాడు అంత గట్టిగా చప్పట్లు కొడితే గెలిచేవాడికి అనుమానం వస్తుంది.

తర్వాత తెరలు తీశారు. ఎండ లోపలికి వచ్చింది. యారాడ పిల్ల మైక్రోస్కోపు ముందు నిలబడింది. కొంచెం ఎండుగడ్డి కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ నీటి చుక్క ఒకటి గాజు పలక మీద వేసి పెట్టింది. బయాలజీ మాస్టారు తన ఫోను కెమెరాను గొట్టం మూతికి రబ్బరు బ్యాండుతో కట్టి, దాన్ని బడికి కొత్తగా వచ్చిన పెద్ద టీవీకి కలిపాడు. గొట్టంలో ఒక్కరికే కనబడే లోకం గదిలో అందరికీ కనబడింది.

తెర మీద కుప్పలుగా నల్లటి చుక్కలు, అన్నీ వణుకుతున్నాయి. వాటి మధ్య గడ్డి పీచుకి ఆనుకుని చెప్పు అడుగులాంటి ఆకారం ఒకటి, కదలకుండా, అంచుల దగ్గర మాత్రం చిన్నగా అదురుతూ ఉంది.

"ఇది ఏకకణ జీవండి. ఒక్క కణమే దీని ఒళ్లంతా. తినడం, తిరగడం అన్నీ ఆ ఒక్క కణమే సేత్తాది," అని ఆ పిల్ల మొదలుపెట్టింది.

లెక్చరర్ మేడం కుర్చీ ముందుకి జరుపుకుంది. నా ప్రదర్శనకి ఆవిడ కుర్చీ జరుపుకోలేదు. ఆ కుర్చీ నేల మీద గీసుకున్న చప్పుడు నా గుండెలో గీసుకుంది. అప్పుడే ఆ నల్ల చుక్కలు నా కంట పడ్డాయి. అవి ఏమిటో నాకు తెలుసు. రేవు గాలికి వచ్చి కిటికీ గట్టు మీద పేరుకునే దుమ్మే. నీటిలోని అణువులు కంటికి కనబడవు గానీ, అన్ని వైపుల నుంచీ ఆ దుమ్ము రేణువుల్ని గుద్దుతూ ఉంటాయి. ఒకవైపు దెబ్బలు కాస్త ఎక్కువైనప్పుడల్లా రేణువు అటు జరుగుతుంది, అందుకే వణుకు. దాన్ని బ్రౌనియన్ చలనం అంటారు. అది ప్రాణం కాదు, పూర్తిగా నా శాస్త్రం.

అక్కడితో ఆగి ఉంటే నేను గొప్పవాణ్ణి. చేయి ఎత్తి లేచి నిలబడ్డాను.

"మేడం, ఒక్క మాట. పిల్లలు పొరపడకూడదు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ కదులుతున్నది ప్రాణి కాదు. ఇది బ్రౌనియన్ చలనం. నీటి అణువుల తాకిడి వల్ల రేణువులు కదులుతాయి. కదిలేదల్లా బతికున్నదని అనుకోవడం అమాయకత్వం."

"చుక్కలు సరే. ఆ పెద్దది కూడానా?" అంది లెక్చరర్ మేడం.

ఇప్పటికీ ఆ ప్రశ్న నా చెవుల్లో ఉంది. ఆవిడ నాకు తలుపు తెరిచి పట్టుకుంది, బయటికి వెళ్లిపొమ్మని. రేణువు ఎంత చిన్నదైతేనే అణువుల తోపులకి కదులుతుందో, ఎంత పెద్దదైతే కదలదో నాకు తెలుసు. ఆ చెప్పు ఆకారాన్ని నీటి అణువులు తోస్తున్నాయనడం, రేవులో ఓడను రొయ్య పిల్లలు తోస్తున్నాయనడమే. అయినా ఆ క్షణంలో నాకు ఎదురుగా బయాలజీ మాస్టారి మొహం తప్ప ఇంకేమీ కనబడలేదు.

"అదీ అంతే," అన్నాను. "దానికీ ప్రాణం లేదు."

పెద్ద మేడం బయాలజీ మాస్టారి వైపు చూసింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

సరిగ్గా అప్పుడు అది కదిలింది. పీచు వదిలి, తనలో తాను మెలి తిరుగుతూ తిన్నగా ముందుకి వెళ్లింది. ఎదురుగా ఇంకో పీచు తగిలింది. ఆగింది. వెనక్కి జరిగింది. కాస్త పక్కకి తిరిగింది. మళ్లీ ముందుకి వచ్చి, ఆ పీచును తప్పించుకుని దర్జాగా తెర దాటి వెళ్లిపోయింది.

యారాడ పిల్ల నా వైపు తిరిగి, వెటకారం ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "సార్, అణువులు తోసీత్తే అది ఎనక్కొచ్చి, సూసుకుని, పక్కనుంచి ఎల్తాదా సార్?"

ఎవరో ఒకరు మొదలుపెట్టారు, గది మొత్తం నవ్వింది. పెద్ద మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పు ఆకారంలో ఉన్నది కదా, చెప్పుతో కొట్టినంత పని చేసి పోయింది. ఎవరి ప్రదర్శన మేళాకి వెళ్లిందో వేరే చెప్పక్కర్లేదు.

బయటికి వస్తుంటే బయాలజీ మాస్టారు భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలెండి బావా. దానికి పేనం నేదన్నారు, అది ఇనీసి రోషం తెచ్చుకున్నాది."

ఆ జోకు బాగుంది. అందుకే మరింత మండింది.

తర్వాతి కొద్ది రోజులు నేను ల్యాబు వైపు వెళ్లలేదు. జడత్వం పాఠాన్ని నా అంత నిష్ఠగా ఆచరించినవాడు లేడు. నిశ్చల స్థితిలో ఉన్న వస్తువు, బయటి బలం ఏదో వచ్చి కదిపేదాకా కదలదు. ఆ బలం స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒక డౌటండి," అంది యారాడ పిల్ల.

"మీ బయాలజీ సార్‌ని అడుగమ్మా," అన్నాను పేపరు దించకుండా.

"అడిగినానండి. దాని అలవాటే అంత అన్నారు."

పేపరు కొంచెం దించాను. "ఏమిటా డౌటు?"

"మా నాన్న ఇంజను ఆపీసినా పడవ ఒడ్డు దాకా దానంతటదే వచ్చీత్తాది సార్. ఈ పారమీషియం ఏటంటే, ఈదడం ఆపీసిన కాడే ఆగిపోతాది. జర్రున ఒక్క పిసరు కూడా ముందుకి పోదు. ఎందుకు సార్?"

మీరు మాస్టార్లయితే మీకు తెలిసే ఉంటుంది. ఉద్యోగమంతటిలో ఇలాంటి ప్రశ్న ఒకటో రెండో వస్తాయి. వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ ప్రశ్నకి నేను జవాబు చెబితే ఆ జవాబు ఆయన ప్రదర్శనలో చేరుతుంది. పేరు ఆయనకి వస్తుంది. అందుకని, "రేపు చూద్దాం," అన్నాను. ఆ పిల్ల సరేనని వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ మాట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ వేరుశెనగ ఉండలకి బెల్లం పాకం పడుతోంది. పొయ్యి పక్కన నిలబడి పాకంలోకి చూస్తూ ఉండిపోయాను. "ఏటలా సూత్తారు? అందులో కూడా ఆయనే కనబడుతున్నాడేటి?" అంది. నేను పాకం కొంచెం ఒక పళ్లెంలో పోయించుకున్నాను. ఇంకో పళ్లెంలో నీళ్లు పోశాను. రెండు చిన్న కాగితం పడవలు చేశాను. నీళ్లలో పడవను వేలితో తోస్తే, వేలు తీసేశాక కూడా అవతలి అంచు దాకా వెళ్లింది. పాకంలో పడవను తోస్తే, వేలు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబు తలుపు వేసి, ఆ రెండు పళ్లేలూ ఆ పిల్ల ముందు పెట్టాను.

"ఓడ చూశావు కదా," అన్నాను. "రేవులోకి వచ్చేటప్పుడు ఇంజను ఆపినా అది ఆగదు, టగ్గులనే లాగుడు పడవలు తాళ్లతో పట్టుకోవాలి. మీ నాన్న పడవ కొంత దూరం వస్తుంది. చిన్న చేప తోక ఆపితే ఇంకా కొంచెమే వస్తుంది. వస్తువు చిన్నదయ్యే కొద్దీ జడత్వం, అంటే పోతున్నది పోతూనే ఉండాలనే మొండితనం, తగ్గిపోతూ వస్తుంది. మిగిలేది నీటి జిగట. మనకి తెలియదు గానీ నీళ్లకీ జిగట ఉంది. పారమీషియం అంత చిన్నదానికి నీళ్లు నీళ్లలా ఉండవు."

ఆ పిల్ల పాకంలో పడవను తోసింది. ఆగింది. మళ్లీ తోసింది. మళ్లీ ఆగింది.

"దానికి సముద్రమంతా బెల్లం పాకమే కదండి," అంది.

నేను ఉద్యోగమంతా వెతికిన వాక్యం అది. పుస్తకం భాషలో కూడా లేదు. నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల మీద కూడా కొంచెం కుళ్లు పుట్టింది.

"ఇది మీ సార్‌కి చెప్పకు," అన్నాను. "మేళాలో ఎవరైనా అడిగితే చెప్పు."

"ఎందుకు సార్?"

"సర్‌ప్రైజు," అన్నాను. దాని అసలు పేరు కుళ్లని చెప్పడానికి మొహం చెల్లలేదు.

మేళా రోజు పెద్ద మేడం నన్ను కూడా తోడు వెళ్లమంది. పిల్లలకి తోడని పైకి, మా ఇద్దర్నీ ఒకే ఆటోలో కూర్చోబెట్టాలని లోపల. హాల్లో ఆయన గైడ్ టీచరుగా బల్ల పక్కన నిలబడ్డాడు, జేబుకి గులాబీ రంగు బ్యాడ్జీ. నేను వెనక గోడకి ఆనుకుని, బ్యాడ్జీ లేకుండా. రెండు పళ్లేల మీదా గుడ్డ కప్పి పెట్టింది ఆ పిల్ల. "ఇదేటమ్మా?" అని ఆయన అడిగితే, "సర్‌ప్రైజు సార్," అంది. పాకం వాసనకి చీమలు అప్పటికే బారు కట్టాయి. చీమలు కూడా ఆయన సబ్జెక్టే కదా, నాకు సహకరించలేదు.

న్యాయనిర్ణేతలు వచ్చారు. టీవీ తెర మీద పారమీషియం చూశారు, కణత్వచం అడిగారు, కేంద్రకం అడిగారు. ఆ పిల్ల అన్నీ చెప్పింది, బయాలజీ మాస్టారు మీసం దువ్వుకున్నాడు. వాళ్లలో ఒక పెద్దాయన వెళ్లబోతూ ఆగి, "ఇది ఈదడం ఆపగానే టక్కున ఆగిపోతోందే, ఎందుకని?" అన్నాడు.

మాస్టారి మీసం మీద చెయ్యి ఆగిపోయింది. టక్కున.

ఆ పిల్ల గుడ్డ తీసింది. పళ్లేలు చూపించింది. ఓడ చెప్పింది, పడవ చెప్పింది, చీమల్ని ఊదేసి పాకంలో కాగితం పడవను తోసి చూపించింది. పెద్దాయన వెళ్లడం మానేసి తను కూడా వేలితో తోశాడు. పక్కవాళ్లని పిలిచాడు. వాళ్లూ తోశారు. నలుగురు పెద్దమనుషులు వేళ్లకి బెల్లం పూసుకుని చిన్నపిల్లల్లా నిలబడ్డారు. ఎవరో 'ఓ' అన్నారు. గోడకి ఆనుకున్న నేను ఇంకాస్త ఆనుకున్నాను.

ప్రదర్శన రాష్ట్రానికి ఎంపికైంది. మైకులో ఆ పిల్ల పేరు, దాని తర్వాత గైడ్ టీచరుగా ఆయన పేరు చదివారు. ఆయన వేదిక ఎక్కి శాలువా కప్పించుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే, అరచేతులు మండాయి. వాటికంటే ఇంకొకటి ఎక్కువ మండింది. అసూయ తీరిపోయిందని మీతో అబద్ధం చెప్పలేను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని అన్నాడు. "బావా, ఆ పాకం సంగతి పిల్లకి ఎవరు సెప్పినారో నాకు తెలిసిపోనాది."

"ఏ పాకం?"

"ఎకసెక్కాలాడకండి. రేపు రాష్ట్రంలో గైడ్ టీచర్ని నన్ను పట్టుకుని అడిగితే ఏటి సెయ్యాల? నాను ఇంటర్‌లో కూడా ఫిజిక్సు అంటే ఆమడ దూరం పారిపోయినవాణ్ని. పిల్ల అలగ టకటకా సెప్తంటే నాకు కుళ్లొచ్చీసినాది, నిజం. నాకూ సెప్పండి."

కుళ్లు అన్న మాట ఆయన నోట విన్న ఆ క్షణం ఎంత హాయిగా ఉందో మీకు ఎలా చెప్పను? ఆటో కుదుపులన్నీ ఊయల ఊగినట్టే ఉన్నాయి.

"ఆటోలో చెప్పేది కాదు," అన్నాను. "సోమవారం తొమ్మిదో తరగతికి గమన నియమాల పాఠం ఉంది. వచ్చి కూర్చోండి."

వస్తాడనుకోలేదు. వచ్చాడు. పెద్ద మేడంకి చెప్పి మరీ వచ్చాడు. ఆఖరి బెంచీలో, మోకాళ్లు బల్లకి కొట్టుకుంటూ, పిల్లల మధ్య ఒదిగి కూర్చుని, ముందున్న కుర్రాణ్ని అడిగి పెన్ను తీసుకున్నాడు. పిల్లలకి పండగలా ఉంది. నేను బస్సుతో మొదలుపెట్టాను, బ్రేకు వేస్తే మనం ముందుకి ఎందుకు తూలుతామో. ఓడకి వచ్చాను, పడవకి వచ్చాను, పారమీషియానికి వచ్చాను. మైటోకాండ్రియాకి ఆయన పొయ్యి వాడుకున్నట్టే, నేనూ సిగ్గు విడిచి మా వంటింటి పాకం వాడుకున్నాను. నా నోట 'నాను' కూడా ఒకసారి వచ్చేసింది, నేను దాన్ని దిద్దుకోలేదు. పిల్లలు నవ్వారు. నా క్లాసులో.

పాఠం మధ్యలో ఆగి ఒక ప్రశ్న వేశాను. "సీసాడు తేనె ఒకటి, సీసాడు నీళ్లు ఒకటి. రెండింట్లోనూ ఒకే రకం గోలీ వేస్తే తేనెలో నెమ్మదిగా దిగుతుంది. ఎందుకో ఆఖరి బెంచీ చెప్పాలి."

క్లాసులోని చూపులన్నీ వెనక్కి తిరిగాయి.

"నన్నాండి?" అన్నాడాయన.

"ఆఖరి బెంచీలో ఇంకెవరున్నారు?"

"తేనె... సిక్కగా ఉంటాది గదండి."

"చిక్కగా ఉంటే ఏమవుతుంది? ఏ బలం, ఏ దిక్కున?"

యారాడ పిల్ల చేయి అడ్డం పెట్టుకుని గుసగుసగా ఏదో అందించబోయింది. "అందించకూడదమ్మా," అన్నాను.

ఆయన బుర్ర గోక్కున్నాడు. సీలింగు ఫ్యానులోకి చూశాడు. అక్కడా జవాబు లేదు.

"తెలీదండి."

"అయితే నిలబడండి," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు, వేళాకోళమో నిజమో తెలియక. నేను చాక్‌పీసు తీసుకుని బోర్డు వైపు తిరిగాను. వెనక బెంచీ కిర్రుమంది. జిల్లా మెచ్చిన గైడ్ టీచరు, పెన్ను చేతిలో పట్టుకుని, పిల్లల మధ్య లేచి నిలబడ్డాడు.

జిగట వల్ల పుట్టే బలం ఎటువైపు పనిచేస్తుందో బాణం గుర్తు వేసి, నిదానంగా, ఎంతో నిదానంగా, తేనెలో గోలీ దిగినట్టు వివరించాను. నా ఉద్యోగంలో అంత తీరుబడిగా ఏ పాఠమూ చెప్పలేదు. పిల్లలు రాసుకున్నారు. ఆయన నిలబడే రాసుకున్నాడు.

"అర్థమైపోనాది మాస్టారూ," అన్నాడు చివరికి. అన్నాళ్ల తర్వాత మళ్లీ మాస్టారూ. "కూకోమంటారా?"

"గంట కొట్టాక," అన్నాను, ఇంకో బాణం గుర్తు వేస్తూ.

గంటకి ఇంకా చాలా సమయం ఉంది.